పద్నాలుగో బిళ్ళ

పద్నాలుగో నంబరు బిళ్ళని కొక్కేనికి తగిలించింది నేనే. ఆ సంగతి నాకు నిన్న సాయంత్రం అయిదింటికే తెలుసు. ఇప్పుడు ఉదయం ఎనిమిది. పదిహేను గంటలుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పైగా ఆ బిళ్ళ తగిలించిందెవరో కనిపెట్టమని అందరూ నన్నే అడుగుతున్నారు.

నాలుగు రోజుల టూరు మాది. కొండల మధ్య పెద్ద సరస్సు, దాని ఒడ్డున కలవారి ఊళ్ళు అయిదు. కిటికీలో ఒకే ఒక్క చేతిసంచీ పెట్టి ధర రాయని కొట్లు, మనకంటే మంచి కోటు తొడుక్కున్న కాపలావాళ్ళు. లాంచీలో ఊరి నుంచి ఊరికి తిప్పుతారు. మొత్తం పద్దెనిమిది మందిమి. మునుపు గైడు వేలు పెట్టి తలలు లెక్కపెట్టేదట. 'మేమేమన్నా గొర్రెలమా' అని ఎవరో పెద్దమనుషులు కంపెనీకి ఉత్తరం రాశారు. అప్పటినుంచీ ఇత్తడి బిళ్ళలు వచ్చాయి. లాంచీ దిగేటప్పుడు ఎవరి నంబరు బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి. ఎక్కేటప్పుడు తలుపు పక్కనున్న పలక మీద తగిలించాలి. పద్దెనిమిది కొక్కేలూ నిండితే లాంచీ కదులుతుంది. ఎవరి బిళ్ళ వాళ్ళే తగిలించాలి. నియమం అదొక్కటే.

నిన్న మధ్యాహ్నం పెద్ద తోట చూశాక, మూడూ పదికి తోట ఊరి రేవులో పద్దెనిమిది కొక్కేలూ నిండాయి, లాంచీ కదిలింది. నాలుగింటికి ఈ ఊరి రేవులో దిగాక పళ్ళ డాక్టరు "మా అమ్మేది? అమ్మని చూశారా?" అంటూ అందర్నీ పట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. పద్నాలుగో నంబరు మామ్మగారు లాంచీలో లేరు. ఆవిడ బిళ్ళ మాత్రం కొక్కేనికి భద్రంగా ఉంది.

అయిదింటికి హోటల్ హాల్లో ఇన్‌స్పెక్టరు నిలబడి "పద్నాలుగు ఎవరు తగిలించారు?" అని అడిగినప్పుడు నా వేళ్ళకి గుర్తొచ్చింది. మర్చిపోకుండా ఉండడానికి మామ్మగారు తన బిళ్ళ తాడుకి ఎర్ర దారం చుట్టుకున్నారు. ఆ దారం నా వేళ్ళ మధ్య నలిగింది. ఎవరో నా చేతికిచ్చారు, నేను వంగి తగిలించాను. ఎవరిచ్చారో మాత్రం చూడలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ముప్ఫై రెండేళ్ళు నేర పరిశోధనలో ఉన్నదాన్ని. పక్కన నిలబడి చేతిలో వస్తువు పెట్టిన మనిషి మొహం చూడలేదు. ఎందుకు చూడలేదంటే, ఆ సమయంలో నా గొప్ప నేను చెప్పుకుంటున్నాను.

ఈ ఉదయం ఏడింటికి ధైర్యం చేసి కిందికి దిగాను. గుమ్మం దగ్గర పళ్ళ డాక్టరు ఎదురయ్యాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో తోలు సంచీ.

"కళ్ళు మూతపడలేదు అక్కగారూ. తోట ఊరు వెళ్ళి ఇంకోసారి వెతికొస్తా. మీరున్నారన్న ధైర్యమే నన్ను నిలబెడుతోంది."

ఆ మనిషి మొహంలోకి చూడలేకపోయాను. చేతులు ఖాళీ లేవు కదా అని తలుపు నేనే తీసి పట్టుకున్నాను. ఆ తర్వాత ధైర్యం చాలక మళ్ళీ గదికి వచ్చేశాను. గంటసేపు అద్దం ముందు నిలబడి ఎలా చెప్పాలో వల్లె వేశాను. ఎన్నిసార్లు చెప్పినా మొదటి మాట 'నేను' దగ్గరే ఆగిపోయింది.

గైడ్ పిల్లని నిన్నటినుంచీ సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరు పెద్ద స్టేషన్‌కి తీసుకెళ్తాడు. నిర్లక్ష్యం కేసు, లైసెన్సు రద్దు. ఇరవై మూడేళ్ళ పిల్ల. నేను వెళ్ళేసరికి పెట్టెల మధ్య ముక్కాలి పీట మీద కూర్చుని, యూనిఫాం స్కార్ఫుని ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేస్తోంది. మోకాళ్ళ దగ్గర పెట్టెలకి వేలాడే చీటీలు.

"మూడూ పదికి ఎక్కడున్నావు?"

"తలుపు దగ్గరే మేడమ్."

"పలక కనిపిస్తోందా?"

"బాగా."

"మరి ఒకరి బిళ్ళ ఇంకొకరు తగిలిస్తుంటే ఎందుకు ఆపలేదు?"

పిల్ల తలెత్తి నావైపు చూసింది. కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"ఆపాల్సింది మేడమ్. సరిగ్గా అప్పుడే మీరు క్యాన్లో చెయ్యి పెట్టారు."

పాల క్యాన్ల కేసు. నా ఉద్యోగంలో నాకు పేరు తెచ్చిన కేసు. ఎక్కడికెళ్ళినా, ఎవరడిగినా అడక్కపోయినా నేను చెప్పే కథ. క్యాన్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఆగుతాను. వినేవాళ్ళ ఊపిరి ఆగుతుంది. నిన్న కూడా లాంచీ తలుపు దగ్గర అలాగే ఆగాను.

"నేనూ నోరు తెరుచుకుని వింటూ నిలబడ్డా," అంది. "మీరు తగిలించడం చూశాను. మధ్యలో ఆపితే బాగోదనుకున్నా."

"చూశావా? మరి ఇన్‌స్పెక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే నమ్ముతారా? అంత పేరున్నావిడ మీదకి నెట్టేస్తోంది చూడు అంటారు. మీరే చెప్తారులే అనుకున్నా. సాయంత్రం చెప్తారనుకున్నా. పొద్దున్న కాఫీ తెచ్చినబ్బాయిని కూడా అడిగా, ఆవిడేమన్నా చెప్పారా అని."

కూర్చుందామంటే రెండో పీట లేదు. ఉన్నా కూర్చునే అర్హత లేదు.

"నాదీ, ఇంకొకటీ... ఎవరో ఇచ్చారమ్మా. రెండు తగిలించాను."

"రెండు కాదు మేడమ్. మూడు."

"మూడా?"

"మీ చేతిలో మూడు తాళ్ళు వేలాడుతున్నాయి. ఒకటి మధ్య వరసలో పెట్టారు. ఒకటి వంగి కింద పెట్టారు. మూడోది చూళ్ళేదు, అప్పుడే లాంచీ నడిపే సరంగు పిలిచాడు."

మధ్య వరసలోది నా తొమ్మిది. కింద వరసలోది పద్నాలుగు. మరి మూడోది ఎవరిది?

లాంచీ హోటల్ వెనక రేవులోనే కట్టి ఉంది. ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలబడి సరంగుతో మాట్లాడుతున్నాడు. ఇతను ఒకప్పుడు నా కింద రెండేళ్ళు పనిచేశాడు. సాక్షి గడియారం ఏ చేతికి పెట్టుకున్నాడో చూడలేదని స్టేషన్ అందరి ముందూ నిలబెట్టి, 'కళ్ళు నెత్తిమీదున్నాయా' అని కడిగేశాను. అది నేను ఎప్పుడో మర్చిపోయాను. మొన్న టూర్లో కనబడగానే అతను ఎడమ చెయ్యెత్తి "ఇదిగోండి మేడమ్, నా గడియారం ఎడమ చేతికుంది" అన్నాడు.

"రండి మేడమ్. నేరస్థలం చూడ్డానికొచ్చారా? చూడండి. మీ కళ్ళకి కనబడేవి మా కళ్ళకి కనబడవుగా."

పలక గోడకుంది. మూడు వరసలు, వరసకి ఆరు కొక్కేలు. పలక కింద లైఫ్ జాకెట్ల పెట్టె ముందుకి పొడుచుకొచ్చి ఉంది. కింద వరసకి వంగాలి. మధ్యది చేతికందుతుంది. పై వరసకి పెట్టె మీంచి బాగా సాగాలి. బిళ్ళలన్నీ నిన్నట్లాగే ఉన్నాయి. పద్నాలుగు దగ్గర ఎర్ర దారం.

"ఆ పిల్లని వదిలెయ్యండి," అన్నాను. అతన్ని నేను 'మీరు' అనడం అదే మొదటిసారి.

"ఎందుకు?"

"పద్నాలుగు తగిలించింది నేను."

సరంగు బీడీ నీళ్ళలో పారేసి అవతలికి వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళ పరువు పోయేచోట నిలబడకూడదని తెలిసినవాడు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి పుస్తకం తీశాడు. కలం మూత తీసి దాని వెనక తొడిగాడు.

"ఎవరిచ్చారు?"

"చూడలేదు."

"ఆడా, మగా?"

"చూడలేదు."

"ఏ చేత్తో ఇచ్చారు మేడమ్?"

చెవులు కాలిపోయాయి. "చూడలేదు."

"చూ-డ-లే-దు," అంటూ మెల్లగా రాసుకున్నాడు. "నిన్న సాయంత్రం అందర్నీ అడిగాను. మీరు సోఫాలో నా ఎదురుగా కూర్చున్నారు. మా కానిస్టేబుల్‌కి సలహాలు కూడా ఇచ్చారు. ఒక ఆడపిల్ల పెట్టెల మధ్య కూర్చుంది. మీరేమో గదికెళ్ళి పడుకున్నారు."

"అవును."

"ఆ పిల్ల స్థానంలో నేనుంటే మీరు నన్నేమనేవారు?"

ఏమనేదాన్నో ఇద్దరికీ తెలుసు. చెయ్యి ఊరికే కుడి భుజం మీదకి పోయింది.

"ఏంటి మేడమ్, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నారు?"

నొక్కుతున్న చెయ్యి ఆగిపోయింది. నా కుడి భుజం రెండేళ్ళుగా పట్టేసి ఉంది. జడ వేసుకోవడానికి కూడా ఎత్తలేను. రాత్రంతా సలిపింది. హోటల్ తలగడ ఎత్తుగా ఉందనుకున్నాను.

"తలగడ కాదు," అన్నాను. "పై వరస."

"ఏంటి?"

"నా చేతిలో మూడు బిళ్ళలున్నాయని ఆ పిల్ల చూసింది. మూడోది పై వరసలో తగిలించాను. భుజం చెప్తోంది." పెట్టె ముందు నిలబడి సాగి చూపించాను. సగానికే పళ్ళు బిగించాల్సి వచ్చింది. "పై వరసలో ఒకటి నుంచి ఆరు. అందులో అయిదుగురు నా ఎదురుగా నిలబడి కథ వింటున్నారు. కొత్త జంట ఇద్దరూ, బట్టల కొట్టాయన, పాటల టీచరూ, ఆవిడ చెల్లెలూ. వాళ్ళ బిళ్ళలు అప్పటికే తగిలించేసి ఉన్నాయి."

"ఎవరిచ్చారో చూళ్ళేదన్నారు. ఎవరు విన్నారో ఇంత బాగా గుర్తుందా?"

"నన్ను పొగిడినవాళ్ళందరూ గుర్తున్నారు," అన్నాను. దాచడానికి ఇంకేం మిగిలింది?

అతను మొదటిసారి నవ్వకుండా నన్ను చూశాడు. తర్వాత పై వరస చూశాడు. మిగిలింది ఒక్కటే. మూడో నంబరు.

"పళ్ళ డాక్టరు," అన్నాడు. "లాంచీలో కింది గదిలో తలనొప్పితో పడుకున్నానన్నాడు. ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదు. నాలుగింటికి రేవు మీద కనబడ్డాడు. లాంచీ దిగాడనే అందరం అనుకున్నాం."

"వదినా."

వెనక్కి తిరిగాను. నా మరదలు, తమ్ముడి భార్య, రేవు మెట్ల మీద నిలబడి ఉంది. నాకోసం తెచ్చిన కాఫీ ఫ్లాస్కు రెండు చేతుల్తో పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకి చదువు చెప్పిన మనిషి. గొంతు పెంచడం తెలీదు. రాత్రి మేమిద్దరం చెరో గోడవైపూ తిరిగి నిద్ర నటించాం. ఆవిడెందుకు నటిస్తోందో నేను ఆలోచించలేదు.

"పద్నాలుగు నేనిచ్చాను వదినా."

"నువ్వా?"

"మామ్మగారు బతిమాలారు. చివరి ఊళ్ళో గాజు తలుపుల వృద్ధుల హోమ్ ఉందట. రేపు అక్కడ వదిలేస్తాడట కొడుకు. 'సరస్సు చూపిస్తా రావే అమ్మా' అని వెంటబెట్టుకొచ్చాడు. కూతురికి ఫోన్ చేసిస్తే ఆవిడ పొద్దున తొమ్మిదిన్నర బండికి వస్తానంది. ఈ ఒక్క రాత్రీ దాచమన్నారు. తోట వెనక చిన్న లాడ్జిలో గది తీసుకుని, శాలువా కప్పి పడుకోబెట్టి వచ్చేశా."

"మీరు చదువుకున్నవాళ్ళేనా?" ఇన్‌స్పెక్టరు అరిచాడు. "కొడుకుండగా ముసలావిడ్ని ఎత్తుకెళ్ళి దాస్తారా?"

"ఆవిడ మణికట్లు చూశారా మీరు?" మరదలు అతని వైపు తిరిగింది. "రెండు చేతులకీ నల్లగా వాతలు. రాత్రిళ్ళు లేచి తిరుగుతోందని మంచానికి కట్టేస్తాడట. ఎవరి కంటా పడకుండా గాజులు వాటి మీదకి లాక్కుని కూర్చునేది. కొడుకు చేసిన పనికి ఆవిడ సిగ్గుపడుతోంది."

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్పడానికే మీ దగ్గరికొచ్చా. మీరు క్యాన్లో చెయ్యి పెట్టి ఉన్నారు." ఫ్లాస్కు మూత బిగించి, "చెబితే మీరు ఆవిడ్ని ప్రశ్నలేస్తారు. ఆవిడ అప్పటికే చాలా ప్రశ్నలు విని ఉంది," అంది. "గైడ్ పిల్లని పట్టుకెళ్తారనుకోలేదు. కూతురు బండి దిగగానే చెప్పేసి, ఆ పిల్ల చేతులు పట్టుకుందామనుకున్నా. ఒక్క రాత్రే కదా అనుకున్నా వదినా."

ఒక్క రాత్రే కదా. గోడకటువైపు పడుకుని నేనూ అదే అనుకున్నాను.

"బిళ్ళ ఇచ్చేటప్పుడు నీ వెనక ఎవరున్నారు?"

"వెనక..." ఆలోచించింది. "డాక్టరే. ఎర్ర దారం చూసే ఉంటాడు."

చూశాడు. తల్లి లాంచీలో లేదనీ, ఎవరు దాచారో, ఏ సందులోంచి వచ్చారో కూడా తెలుసుకున్నాడు. తన బిళ్ళ కూడా అదే చేతిలో పెట్టి వెనక్కి దిగిపోయాడు. కథ చెప్పేవాళ్ళ చెయ్యి ఏదిచ్చినా తీసుకుంటుంది.

ఇన్‌స్పెక్టరు తన సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో గోధుమరంగు ఉన్ని శాలువా, తడితో బరువుగా ఉంది. "నిన్న ఆరింటికి తోట ఊరి రేవు మెట్ల మీద దొరికింది. సగం నీళ్ళలో ఉంది. ఎవరికీ చెప్పలేదు."

మరదలి చేతిలోంచి ఫ్లాస్కు జారి మెట్ల మీంచి దొర్లింది. "అది నేను కప్పిందే. గదిలో కప్పా. తలుపేసి వచ్చా."

లాడ్జి నంబరు మరదలి ఫోన్లోనే ఉంది. నేనే చేసి స్పీకరు పెట్టాను. లాడ్జి నడిపే ఆవిడ హుషారుగా పలికింది.

"ఆ మామ్మగారా? అయ్యో, నిన్ననే వెళ్ళిపోయారుగా. కొడుకొచ్చి తీసుకెళ్ళాడమ్మా. మూడూ ఇరవై అయింది. ఎంత మర్యాదస్తుడో! ఎవరు తీసుకొచ్చారు, ఇంకెవరొస్తున్నారు, అన్నీ అడిగాడు. కూతురు పొద్దున్నే వస్తుందని నేనే చెప్పా. వెనక తలుపులోంచి వెళ్ళారు."

"వెనక తలుపు ఎటు తెరుచుకుంటుంది?"

"తోట గోడ పక్క సందులోకి. ఎందుకమ్మా? ఏమైంది?"

ఫోన్ పెట్టేశాను. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుంటున్నాడు.

"నిన్న ఒక టాక్సీవాడు చెప్పాడు. నాలుక్కి రెండు నిమిషాల ముందు తోట ఊరి నుంచి ఒకాయన్ని తెచ్చి ఈ రేవులో దింపాడట. తలుపు కూడా వెయ్యకుండా పరిగెత్తాడన్నాడు. పద్దెనిమిది బిళ్ళలూ ఉన్నాయి కదా, మనవాళ్ళెవరూ కాదులే అనుకున్నా." అతను కవరు వైపు చూశాడు. "నేనూ పలకనే నమ్మాను మేడమ్."

సొరంగం రోడ్డు మీద కారులో ఇరవై నిమిషాలు. రెండు నిమిషాలు తక్కువ నాలుగుకి ఇక్కడ దిగాడంటే, మూడూ ముప్ఫై ఎనిమిదికి అక్కడ బయల్దేరాడు. లాడ్జి నుంచి టాక్సీ దాకా పద్దెనిమిది నిమిషాలు. అందులోనే శాలువా రేవు మెట్ల మీద పడాలి. మామ్మగారు పది అడుగులు వేస్తే ఒకసారి ఆగుతారు.

"నీళ్ళలోకి తోసేశాడు," అని మరదలు మెట్ల మీద కూలబడింది. "నా మూలానే. నేను గదిలో పెట్టకపోతే..."

"తొయ్యలేదు." ఆవిడ చెయ్యి పట్టుకుని లేపాను. "పట్టపగలు, రేవు నిండా జనం. అందరూ మునిగిపోయిందనుకోవాలని శాలువా మాత్రం పడేశాడు. కూతురొచ్చి ఆ చేతులు చూస్తే డాక్టరుగారి పరువేం కావాలి? మనిషిని ఎక్కడో పెట్టి వచ్చాడు. తోసేసి ఉంటే ఈ పొద్దున్న మళ్ళీ అక్కడికి వెళ్ళేవాడు కాదు."

"వెళ్ళాడా?" ఇన్‌స్పెక్టరు ఒక్క అంగలో నా ముందుకొచ్చాడు. "ఎప్పుడు?"

"ఏడింటికి. చేతిలో తోలు సంచీ ఉంది. పంటికి మత్తిచ్చే సూదులూ అవీ పెట్టుకునే సంచీ."

"మీకెలా తెలుసు?"

"తలుపు నేనే తీశాను."

టైము ఎనిమిదీ ఇరవై అయిదు. టాక్సీలో వెళ్ళి ఉంటే అతను అక్కడికి చేరి గంట దాటింది. ఆ గంటంతా నేను అద్దం ముందు నిలబడి ఉన్నాను.

ఇన్‌స్పెక్టరు జీపు కోసం కేకేస్తూనే తోట ఊరి స్టేషన్‌కి ఫోన్ కలిపాడు. "ఎక్కడని వెతకమంటారు మేడమ్? ఊరు చిన్నదేం కాదు."

"ఆ పిల్లని పిలవండి. ఆ ఊరు ఆ అమ్మాయికి తెలుసు."

గైడ్ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. స్కార్ఫు చేతిలోనే ఉంది. నేను అడగడం పూర్తి కాకుండానే అంది:

"తోటకి ఇవాళ సెలవు మేడమ్. వారానికొక్కరోజు మూస్తారు. నిన్న సాయంత్రం డాక్టరుగారు వచ్చి, 'తోటకి రేపు సెలవని బోర్డుంది, లోపల పనివాళ్ళు కూడా ఉండరా' అని నన్నే అడిగారు. తల్లిని వెతకడానికి మళ్ళీ వెళ్తారేమో అనుకున్నా. సందు చివర చిన్న తలుపుంది, తాళం ఉండదు. దాని పక్కనే మొక్కల గాజుగది. చలికాలం మొక్కలకి తప్ప వాడరు. లోపల అరిస్తే బయటికి వినబడదు."

ఇన్‌స్పెక్టరు ఆ మాటల్నే ఫోన్లో అప్పజెప్పి, జీపు ముందు సీటు తలుపు తెరిచి ఆ పిల్లని ఎక్కమన్నాడు. పిల్ల ఎక్కలేదు. నావైపు చూసింది. ఏదో ఒక మాట కోసం.

"తప్పు నాదమ్మా," అన్నాను. అద్దం ముందు గంటసేపు రాని మాట. అందరి ముందూ, తిరిగొచ్చిన సరంగు ముందు కూడా అన్నాను. "నీది కాదు. నిన్నే చెప్పాల్సింది."

పిల్ల తల ఊపి జీపెక్కింది. క్షమించిందని కాదు. టైము లేదని.

నేను పలక దగ్గరికి వెళ్ళి, ఎడం చేత్తో ఎర్ర దారం ఉన్న బిళ్ళని కొక్కెం మీంచి తీసి గుప్పెట్లో పెట్టుకున్నాను.

"అదెందుకు మేడమ్? సాక్ష్యం అది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆవిడ లాంచీ ఎక్కలేదు కదా," అన్నాను. "ఎక్కినప్పుడు ఆవిడే తగిలిస్తుంది."

అతను రాసుకోలేదు. నేనూ ఎక్కగానే జీపు కదిలింది. సొరంగం నోరు కనబడుతుండగా వైర్లెస్ గరగరలాడింది. తోట ఊరి కానిస్టేబుల్ గొంతు, రొప్పుతూ: "సార్, గాజుగది తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. లోపల ఇద్దరున్నారు. ముసలావిడ కుర్చీలో ఉంది. కదలట్లేదు. ఆయన మమ్మల్ని చూశాడు. చూసి, సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు."